పదిహేనో అంతస్తు, చివరి గది

గ్వాంగ్‌జౌ హోటల్ లిఫ్టులో
పదమూడు తర్వాత పదిహేనే.
లేని అంతస్తు దాటుకుని దిగాను.

మంచాలు ఎత్తేసిన గదులు.
ప్రతిధ్వని తాగడానికి గోడకి నిలబెట్టిన పరుపులు.
ఏ తలుపు తీసినా అదే డోలు, అదే గాయని ఊపిరి;
తొమ్మిదో గదికల్లా నా చెవులు
నమిలేసిన చెరుకు పిప్పి.

చివరి గది లియావ్ జావోజిది.
ఒకప్పుడు రేడియో ఫ్యాక్టరీలో సోల్డరింగ్ పని.
తను చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీదే టీ గ్లాసు.
వాల్వులు ఆరబోయే కుంపటి రంగులో.

గూజెంగ్ మోగింది.
గోరు తీగని వదిలిన చోటు కూడా వినపడింది.
పక్కాయన ఫోను ఎత్తబోయి దించేశాడు.

"పై స్వరాలు ఇంత పల్చగా ఎలా?" అన్నాను.
మనవరాలు షిన్‌యే తాతని అడగనే లేదు:
"ఆయనకవి వినిపించవు. పదేళ్ళయింది.
నన్ను కుర్చీలో కూర్చోబెట్టి
నా కనుబొమలు చూస్తూ
కెపాసిటర్లు మారుస్తాడు."

మళ్ళీ మోగింది.
నేను స్పీకర్ల వైపు చూడలేదు.
ముసలాయన
మా మొహాల మీద పాట వింటున్నాడు.

నోట్‌బుక్ మూసి
బొమలు ముడవకూడదని గట్టిగా అనుకున్నాను.
ఎప్పుడు మర్చిపోయానో
ఆయనకే తెలుసు.