అడగడానికి కూడా

మా కంపెనీ రబ్బరు వాషర్లు అమ్ముతుంది.
పైపుకీ పైపుకీ నడుమ, పంపుకీ మూతకీ నడుమ
నీళ్ళు కారకుండా పట్టుకునే నల్లటి ఉంగరాలు.
బ్రెమెర్‌హావెన్ రేవు వెనక, గోడలకి చేపల వాసన పట్టేసిన వీధిలో
మూడో అంతస్తు. కిటికీ నిండా ఒక క్రేను.
నా పని కంపెనీలకి మెయిళ్ళు పంపడం.

పదకొండు వేల నాలుగొందల చిరునామాలుండేవి నా దగ్గర.
సగం డబ్బిచ్చి కొన్నవి.
కొన్ని, ఎగ్జిబిషన్లలో గాజు గిన్నెలో పడ్డ
విజిటింగ్ కార్డుల నుంచి ఏరినవి.
కొన్ని ఎక్కణ్ణించి వచ్చాయో ఆ దేవుడికే తెలియాలి.
మంగళవారం మంగళవారం పొద్దున్న పదింటికి
"ప్రియమైన వినియోగదారులారా" అని
అందరి చెవుల్లో ఒకేసారి అరిచేదాన్ని,
పిలవని పేరంటానికి పట్టుచీర కట్టుకుని బయల్దేరినట్టు.

చాలాకాలం ఎవరూ తిట్టలేదు.
దాన్ని మా డీర్క్‌సెన్ గారు
"ఆదరణ" అని రాసుకునేవారు నివేదికలో.

ఎమ్డెన్ నుంచి వకీలు నోటీసు వచ్చింది ఒకనాడు.
పడవలు బాగుచేసే షెడ్డు తాలూకు మనిషి.
నోటీసులో సెక్షన్లూ, కట్టాల్సిన సొమ్మూ.
మిగతాది నేను ఫోన్ చేసినప్పుడు చెప్పాడు:
ఆ మంగళవారం వాళ్ళావిడ ఆపరేషన్ గదిలో ఉందట,
చేతిలో ఫోను టింగుమందట,
ఆస్పత్రి కబురేనని గుండె చిక్కబట్టుకుని తెరిస్తే
మా వాషర్ల మీద పదిహేను శాతం తగ్గింపు.
మెల్లగానే చెప్పాడు.
అరిచి ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

"సరే, అందరికీ మెయిల్ పెట్టి అడుగు,
రాయమంటారా వద్దా అని" అన్నారు డీర్క్‌సెన్ గారు.
వకీలు నవ్వింది.
అడుగుతూ పంపే మెయిలూ ప్రకటన కిందికే వస్తుందట.
అంటే, అడగడానికి కూడా అనుమతి కావాలి.

ఆ మధ్యాహ్నం పదకొండు వేల నాలుగొందలూ తుడిచేశాను.
"ఖాయమేనా?" అని రెండుసార్లు అడిగింది కంప్యూటర్.
మేం ఎవర్నీ ఒక్కసారైనా అడగని మాట.
డీర్క్‌సెన్ గారు ఆ పూట నాతో కలిసి భోంచెయ్యలేదు.

పాత బిల్లు పుస్తకాలు దించాం.
నిజంగా మా దగ్గర ఏదో ఒకటి కొన్నవాళ్ళు పందొమ్మిది వందల చిల్లర.
వాళ్ళకి కాగితం మీద ఉత్తరం, లైట్‌హౌస్ బొమ్మ స్టాంపు,
లోపల చిన్న కార్డు, తిరుగు ఖర్చు మాదే.
కవర్లు అంటించీ అంటించీ నాలుక చేదెక్కింది.
బొట్టు పెట్టి పిలవడమంటే ఇంత పనా అనుకున్నాను.

మొదటి వారం ఏమీ లేదు.
రెండో వారం పోస్ట్‌మాన్ రబ్బరు బ్యాండు వేసి కట్ట తెచ్చాడు.
ఒకాయన: "వద్దు. స్టాంపు మాత్రం బాగుంది, మా మనవడికిచ్చాను."
ఒకావిడ కార్డు మీద కాఫీ మరక తప్ప ఏమీ లేదు.
నోర్డెన్ నుంచి థేడా హారింగా అనే ఆమె
కార్డు చాలక వెనక కూడా రాసింది:
"మా చేపల ఫ్యాక్టరీ పోయినేడు మూసేశాం.
నేలమాళిగలో ఊరే నీళ్ళు తోడే పంపు ఒక్కటే నడుస్తోంది.
దానికి నలభై రెండు మిల్లీమీటర్లది, ఏడాదికి ఒకటి చాలు.
దాని కోసం రాస్తానంటే రాయండి."

కార్డులు రెండొందల పదమూడు.
వాళ్ళకి ఇంకొక్క మెయిల్, "నిజంగా మీరేనా?" అని, కింద ఒక లింకు.
నొక్కినవాళ్ళు నూట డెబ్బై ఒక్కరు.
థేడా రాత్రి పన్నెండున్నరకి నొక్కింది.
నిద్రపట్టలేదేమో. పంపు చప్పుడేమో.

ఇప్పుడు నెలకి ఒక్కటే.
"ఇక చాలు" అనే లింకుని మిగతా అక్షరాలంత పెద్దది చేశాను.
డీర్క్‌సెన్ గారు చూశారు, దగ్గారు, ఊరుకున్నారు.
నిన్న ఎవరో అది నొక్కారు.
పేరు చూడలేదు. చూడాలనిపించింది, చూడలేదు.

ఈ నెల విషయం: చలికాలంలో రబ్బరు ఎందుకు పగులుతుంది.
నూట డెబ్బై మందికి.
పంపే ముందు పైకి చదువుకుంటున్నాను,
పక్క గదిలో ఎవరో పడుకున్నట్టు
గొంతు తగ్గించి.