కిందిచూపు

పొంటియానాక్‌లో వాన తెరిపివ్వని మధ్యాహ్నం
పాక్ బోంగ్ తన చేపను రెండు సంచుల్లో కట్టి
ఒళ్లో పెట్టుకుని వచ్చాడు,
మనవడు నడిపే మోటారుబండి మీద.

ఎర్ర అరోవానా. మూరెడు పొడుగు.
పొలుసు పొలుసూ తోమిన రాగిచెంబు.
ఎడమ కన్ను మాత్రం కిందికి జారింది,
నేల మీద ఏదో పారేసుకున్నట్టు.

"కోసి సరిచెయ్యండమ్మా,
కన్ను జారిన చేపను పోటీలో ఎవరూ చూడరు."

డాక్టర్ వులాన్ బదులివ్వలేదు.
బకెట్‌లో లవంగనూనె చుక్కలు లెక్కపెట్టింది.
గదంతా పంటినొప్పి వాసన.

నా పని ఒక్కటే.
మత్తులో ఉన్న చేప నోటికి గొట్టంతో నీళ్లు పట్టడం,
మొప్ప ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టడం.
నిమిషానికి ఇరవై. పదిహేడు. పద్నాలుగు.
పదికి దిగితే అరవాలి.
ఒకసారి అరవలేదు.
ఆ చేప ఎవరిదో ఇప్పటికీ చెప్పను.

ఆమె బొటనవేలితో కంటి వెనక తడిమింది.
కొవ్వు. కాస్తే.
కత్తి తియ్యలేదు.

"కపువాస్ నదిలో దీని తిండి పైనుంచి రాలేది.
కొమ్మ మీది పురుగు కోసం ఎగిరేది.
కళ్లు నెత్తికెక్కడమే ఈ జాతికి ఆరోగ్యం.
మీ ఇంట్లో తొట్టి ఎక్కడుంది?"

"ఎత్తుగా, అరుగు మీద."

"మీ కుర్చీ?"

పాక్ బోంగ్ ఆగాడు.
"కింద."

"ఎన్నేళ్లు?"

"పదకొండు."

రుమాలు తీసి ఎడమ కన్ను తుడుచుకున్నాడు.
ఏడుపు కాదు.
నిరుడు పక్షవాతం తగిలాక
ఆ రెప్ప పూర్తిగా మూతపడదట.
"తాతా, నీ కన్నే దీనికొచ్చింది" అన్నాడు మనవడు,
అని నాలుక కరుచుకున్నాడు.

మంచినీళ్లలోకి మార్చి
చేపను రెండు చేతుల మధ్య పట్టుకు నిలబడ్డాను.
చాలాసేపు బరువు.
తర్వాత ఒక రెక్క.
తర్వాత నా చేతులు ఖాళీ.

చీటీలో ఒకే మందు:
పింగ్‌పాంగ్ బంతి, తెల్లది,
నీటి మీద వదిలెయ్యాలి, రోజంతా.

"నయమవుతుందా?"

"కొన్నిటికి. అన్నిటికీ కాదు."

నెలన్నర తర్వాత మనవడొచ్చాడు, తొట్టి ఉప్పు కోసం.
చేప బంతిని పట్టించుకోలేదట.
ముసలాయనే కుర్చీని భోజనబల్ల మీదికెక్కించి
తొట్టికి పైగా కూర్చుంటున్నాడట,
అక్కడే టీ, అక్కడే పేపరు.

కన్ను సంగతి అడిగితే భుజాలెగరేశాడు.

రెండు కిలోలు తూచి ఇచ్చాను.
బల్ల కాళ్లు గట్టివేనా అని మాత్రం
రెండుసార్లు అడిగాను.