తరువాత

వాల్పరైసోలో కొండెక్కడానికి రెండు దారులు.
ఒకటి, పట్టాల మీద పాకే చెక్కపెట్టె.
నాణెమిచ్చి కూర్చుంటే చాలు,
కిర్రుమంటూ అదే పైకి లాక్కుపోతుంది.
రెండోది మెట్లు.
ఎక్కడ చీలతాయో, ఎవరి పెరట్లో తేలతాయో
ఎక్కేవాళ్లకే తెలియాలి.

నేను మెట్ల మనిషిని.
అయినా పదకొండేళ్లుగా
పైవాళ్ల కోసం చెక్కపెట్టెలే కడుతున్నాను.

ఇన్‌స్టాలర్ రాస్తాను నేను.
పాత కంప్యూటర్లోకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ దిగేముందు
వరసగా తెరలు వస్తాయే, అవి.
మొదట్లో పద్దెనిమిది ప్రశ్నలుండేవి.
డిస్కును ఎన్ని ముక్కలు చెయ్యాలి,
స్వాప్‌కి ఎంత వదలాలి, బూట్‌లోడర్ ఎక్కడ కూర్చోవాలి...
"ఇది ఇన్‌స్టాలరా, సరిహద్దు చెక్‌పోస్టా?" అనేది ఎర్మిందా.

చేపముళ్లు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరేశాం.
గడియారం ఏ దేశానిదో అదే కనిపెడుతుంది.
కీబోర్డు ఏ భాషదో అదే తడిమి చూసుకుంటుంది.
చివరికి మిగిలింది ఒకే బొత్తాం:
తరువాత.

కావాలన్నవాళ్లకి పక్కతలుపు ఒకటుండాలని
నేనొక్కదాన్నే గొణిగాను.
పెట్టాం. ఓ మూల, బూడిదరంగు చీమతలల అక్షరాల్లో
'నిపుణులకు' అని.
ఆ మాట తనకోసమని ఎవరూ అనుకోరు.
అనుకునేవాళ్లకి మా అవసరమే లేదు.

శనివారం, గ్రంథాలయం వెనకగదిలో రిపేర్ల పూట,
తువ్వాల్లో చుట్టిన లాప్‌టాప్‌తో వచ్చాడు నికనోర్.
రేవులో ముప్పై ఎనిమిదేళ్లు క్రేను నడిపిన చెయ్యి.
ఆ లావు వేలితో నొక్కాడు. తరువాత.
మళ్లీ తరువాత.
నీలం గీత నిండుతూ పోయింది.
"భలే ఉందే, నన్నేమీ అడగలేదు!"
నా వీపు నేనే తట్టుకున్నాను.

వారం తిరక్కుండా వచ్చాడు, ఈసారి తువ్వాలు లేదు.
"ఓర్ఫెలీనా ఏది?"

చేతులు వణికి రాయలేకపోయిన ఆఖరి ఏడాది
ఆమె సరుకుల జాబితాలు గొంతుతో దాచేదట.
నలభైమూడు.
డిస్కు రెండో ముక్కలో.

అరవలేదు. అరిస్తే బాగుండేది.
కుర్చీ అంచున కూర్చుని, నెమ్మదిగా,
"నన్నేమీ అడగలేదు" అన్నాడు.
అవే మాటలు.

రాత్రంతా తవ్వితే తొమ్మిది తునకలు దొరికాయి.
ఒకదాంట్లో ఆమె:
"ఉల్లిపాయలు రెండు కిలోలు, కొవ్వొత్తులు, ఇంకా..."
ఆ 'ఇంకా' దగ్గర తెగిపోయింది.

సోమవారం మాలో మాకు పడలేదు.
పద్దెనిమిదీ తిరిగి పెడదామన్నాడు ఒకడు.
"పెడితే నికనోర్ రెండో తెర దగ్గరే లేచిపోయేవాడు," ఎర్మిందా.
ఇద్దరిదీ నిజమే. నాకు తలనొప్పి.

ఆయన్నే పిలిచి కూర్చోబెట్టాను.
కాఫీలో చక్కెర కలుపుతూ కలుపుతూ చెప్పాడు:
"నా క్రేనుకి మూడే లీవర్లు. చాలు.
కానీ పెట్టె దించేముందు
కింద నిలబడ్డవాడు చెయ్యూపాలి.
ఊపకపోతే, సాయంత్రమైనా సరే,
గాల్లోనే ఉంచేవాణ్ణి."

ఒక్క ప్రశ్న తిరిగొచ్చింది.
దాని మాటలు కుదరడానికి మూడు వారాలు పట్టింది.
ముందు 'విభాగం' అన్నాం, తర్వాత 'డేటా' అన్నాం,
రెండూ కొట్టేశాం.
"ఇందులో మీవి ఏవైనా ఉన్నాయా?"
ఉన్నాయి. లేవు. తెలియదు.
'తెలియదు' నొక్కితే
ఇన్‌స్టాలర్ చేతులు వెనక్కి కట్టుకుని
ఉన్నవన్నీ ముందు చూపిస్తుంది.

ఆ తెర దగ్గర జనం సగటున
నాలుగు నిమిషాలు ఆగుతున్నారని
ఎర్మిందా లెక్క తీసింది.
మా భాషలో అది లోపం.
నా పేరు మీదే నమోదైంది. ఇంకా సరిచెయ్యలేదు.

మొదట పరీక్షించింది నికనోరే,
నిన్ననే పెట్టె విప్పిన ఖాళీ యంత్రం మీద.
ఆయనవేవీ అందులో లేవు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.
కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
చదివాడు. మళ్లీ చదివాడు.
'తెలియదు' నొక్కాడు.