తరుగు

మిర్యాలగూడ బైపాసు మీద
రాత్రి పదకొండు దాటినంక
కాంటా గదిల నేనూ, ఓ ముసలి కంప్యూటరూ.
బయట వడ్ల ట్రాక్టర్లు
ఒకదాని తోక ఒకటి పట్టుకొని పన్నయి.
మిల్లు ఊక పొగ కిటికీ ఊసల మీద పేరుకుంటది,
ఏలుతోని రాస్తే పేరు పడ్తది.

మట్టపల్లి అని, కంప్యూటర్లు బాగుచేసే పిలగాడు,
కీబోర్డుల ఇరుక్కున్న గింజలు దులపనీకొచ్చి
పెన్ డ్రైవ్ ఒకటి ఇడిచిపోయిండు.
"బాణాలాట అన్నా. ఎక్కించుకో, నిద్ర ఆగుతది."

ఎక్కించిన.
రెండుసార్లు నొక్కితే పచ్చగీత పాకుకుంట పాకుకుంట వచ్చి
సగంల ఆగింది. జాగ లేదట.
ఏం తీసెయ్యాలె?
ఆరేండ్ల కాంటా చిట్టీలున్నయి, ముట్టుకోలే.
సేటు కొత్తింటి ఫొటోలున్నయి, ముట్టుకుంటే కొలువు పోతది.
గడువు తీరిన యాంటీవైరసు,
రోజుకోపారి భయపెట్టుడే తప్ప ఒక్క పురుగును పట్టలే,
దాన్ని పీకేసిన.
మల్ల మొదట్నించి.
ఇంగ్లీషుల నాలుగు పేజీల ఒప్పందం వచ్చింది,
చదవకుంటనే ఒప్పుకున్న,
తేమ ఎంత రాసిండ్రో తెల్వకుంటనే
రైతు చిట్టీ మీద ఏలు పెట్టినట్టు.

తెర మీద గుండ్రటి పలక తెరుచుకున్నది,
ఇరవై ముక్కలు కోసిన కర్బూజ లెక్క.
మౌసు ఒత్తి పట్టి, గుంజి, ఇడవాలె.
గురి చుక్క ఊకుండదు, ఊగుతది,
లారీ ఎక్కంగనే కాంటా అంకెలు ఊగినట్టు.
అవి నిలబడేదాక ఆగుడు
నాకు పద్నాలుగేండ్ల విద్య.
అయినా మొదటి బాణం గోడకు పోయింది.
రెండోది ఇరవైకి చూస్తే ఒకటికి తాకింది.
మూడోది మల్ల ఇరవైకే.
ఐదు.

రాలిన గింజలు ఊడ్చే సైదమ్మ
చీపురు గుమ్మానికి ఆనిచ్చి చూస్తున్నది.
"ఇరవై పక్కన ఒకటీ ఐదూ ఎందుకు పెట్టిండ్రు బిడ్డా?"
"ఆశపడ్డోన్ని కొట్టనీకి."
"అయితే మన దిక్కు మనిషే చేసిండు."

మౌసు ఆమె చేతికిచ్చిన.
చేటల తాలు చెరిగే చెయ్యి, మణికట్టు ఒక్కటే కదిలింది.
పంతొమ్మిది. మల్ల పంతొమ్మిది.
నడుమ ఎర్రచుక్క, యాబై.
ఐదొందల ఒకటి కాస్త నాలుగొందల పదమూడయింది.
"గెలుస్తున్ననా?"
"గెలుస్తున్నవ్."
"తగ్గుతున్నది గద!"
"తగ్గాలెనే. సున్నాకు తెచ్చినోడే గెలిచినట్టు."
సైదమ్మ శానసేపు తెర దిక్కు చూసింది.
"అంటే ఈడ గూడ తరుగు తీసేటోనిదే గెలుపు."

నేనేమనలే.
పొద్దటిసంది ఆ గళ్ళల నేనే కొట్టిన.
బస్తాకు రెండు కిలోలు,
తేమకని ఒకటి, తాలుకని ఇంకొకటి.
సేటు చెప్పిండు, నా ఏలు కొట్టింది.

రెండు గంటలకు నాకు రెండే మిగిలినయి.
ఆఖరి బాణం అంచున సన్నగీతకే తాకాలె,
ఒకటి గడిల, రెండింతల గీతకు.
గప్పుడే త్రిపురారం ట్రాక్టరు కాంటా ఎక్కింది.
రైతు కనురెప్పల దాకా దుమ్ము.
"ఎంతొచ్చె సారూ?"
అంకెలు ఊగినయి, ఆగినయి.
చెప్పిన.
తరుగు గూడ చెప్పిన.
సిరాల ఏలు ముంచిండు, పెట్టిండు,
ఏలు లుంగీకి తుడుసుకుంట పోయిండు.

మల్ల ఆట తెరిచిన.
ఒకటికి చూసి ఇడిస్తే
బాణం పోయి పక్కన ఇరవైల దిగింది.
రాత్రంత దొరకని ఇరవై!
సంబురపడేలోపు ఎర్రక్షరాలు.
ఉన్నదానికంటె ఎక్కువ కోసినవ్, చెల్లదు.
నా రెండు నాకు తిరిగొచ్చినయి.

ఎక్కువ కోస్తే ఎనక్కిచ్చుడు
ఈ తెర మీద నేను చూసింది గిదే మొదటిపారి.
సైదమ్మ నవ్వుతున్నదో, దగ్గుతున్నదో,
ఊక పొగల తెలుస్తలేదు.
బయట ఇంకో ట్రాక్టరు హారన్ కొట్టింది.