ఏడు నిమిషాల పద్నాలుగు సెకన్లు

రెండో సెమిస్టర్, నాలుగో ల్యాబ్.
నారాయణప్ప సారు పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు ఇచ్చినాడు.
కాలేజీ పాత సర్వర్‌ది. పేర్లు తీసేసినాడు, ఊర్లు తీసేసినాడు.
మిగిలింది పన్నెండు వందల నలభై హ్యాష్‌లు,
ఒక్కొక్కటీ నుగ్గునుగ్గైన మాట.
"పిండిని మళ్లీ గింజ చేయలేం," అన్నాడు సారు,
"ఏ గింజను విసిరితే ఈ పిండి అయిందో
ఊహించొచ్చు.
ఊహించండి. సోమవారానికల్లా రిపోర్టు."

అనంతపురం, సాయినగర్, మేడ మీద రేకుల గది.
పగలంతా కాలిన రేకులు
రాత్రి పన్నెండుకు టకటకమని చల్లారతాయి.
ల్యాప్‌టాప్ కింద రెండు ఇటుకలు, పక్కన టేబుల్ ఫ్యాను.
ఫ్యాను నాకు కాదు, దానికి.
నా పేరు మౌలాబి. దూదేకులోళ్ల పిల్లను.
ఎంటెక్కులో ఈ సీటు వచ్చినప్పుడు
మా వీధిలో ఒకాయన అడిగినాడు:
"సైబర్ అంటే ఇంటర్నెట్టు సెంటరే కదమ్మా? జిరాక్సు కూడా ఉంటాదా?"
ఉంటాది, అన్నాను.

మొదట ఇంగ్లీషు మాటల జాబితా వేసినాను.
మూడు వందలు కూడా పడలేదు.
అప్పుడు తట్టింది,
అనంతపురం మనుషులు దాచుకునేది
అనంతపురం మాటలే కదా అని.
నేనే ఒక జాబితా రాసుకున్నాను:
దేవుళ్లు, దర్గాలు, పిల్లల ముద్దుపేర్లు,
ఎద్దుల పేర్లు, హీరోల పేర్లు,
బుడ్డలు, పెన్న, చిత్రావతి,
ఎండిన వంకలన్నీ.

పడినాయి.
ఒకటెనకాల ఒకటి, పచ్చ అక్షరాల్లో.
గూగూడు కుళ్లాయిస్వామి పదకొండు మందికి కాపలా.
ఒకరిది పెళ్లిరోజు.
ఒకరిది, పెళ్లాడలేకపోయిన పిల్ల పేరనుకుంటా, చివర ఒక సున్నా.
ఒకరిది తిట్టు. రాయలేను.
ఒకరిది ఉద్యోగం ఉద్యోగం ఉద్యోగం.

రాత్రి రెండు దాటినాక,
వరుస తొమ్మిది వందల ఆరు:
వానరావాలి2018

నా జాబితాలో వాన ఉంది. రావాలి కూడా ఉంది, వేరే చోట.
మిషను రెండిటినీ అతికించి
వెనకాల సంవత్సరాలు తిప్పింది.
పట్టిన సమయం ఏడు నిమిషాల పద్నాలుగు సెకన్లు.

ఎవరో మనిషి
ఫీజు కట్టడానికో, మార్కులు చూడ్డానికో
లోపలికి పోయే ముందు ప్రతిసారీ ఈ మాట కొట్టి ఉంటాడు.
తెర మీద చుక్కలే కనబడి ఉంటాయి.
ఇంగ్లీషు అక్షరాల్లో లెక్కేసినాను: పదిహేడు చుక్కలు.
ఆ ఏడాది మా చేన్లో
అంతకన్నా ఎక్కువ పడలేదు.

మా అమ్మ కాశింబి రాప్తాడు దగ్గర మిల్లులో బుడ్డలు ఏరుతాది.
చూపు టీవీ మీద, వేళ్లు చాట మీద,
బూజు గింజ దానంతటదే ఎడంపక్కకు పోతాది.
ఎట్ల తెలుస్తాదిమా అంటే,
"బరువుండదు కదే దానికి."
ఆమె ఏటీఎం నంబరు, మేం వేయించిన మూడో బోరు లోతు.
ఎన్ని అడుగులో ఇక్కడ చెప్పను,
నేను చదివేది ఈ చదువు కదా.
మార్చుమా అని మూడు నెల్లుగా పోరుతున్నా.
"నేను మర్చిపోలేని నంబరు ఇంగోటి చెప్పు, మారుస్తా," అంటాది.

రిపోర్టులో మూడు గళ్లు.
పొడవు: సరిపోతుంది.
బలం: బలహీనం, ఊహకు అందుతుంది.
సూచన:
మార్చుకోండి అని కొట్టినాను. చెరిపినాను.
మళ్లీ కొట్టి మళ్లీ చెరిపినాను.
రేకులు చల్లబడి సద్దుమణిగినాయి.

సోమవారం సారు ఆ వరుస కాడ ఆగినాడు.
"ఈ గడి ఖాళీగా వదిలినావే?"
"ఏం రాయాలో తెలీలేదు సార్."
కళ్లద్దాలు తీసినాడు, తుడిచినాడు,
చానాసేపు పెట్టుకోలేదు.
అందరి పెన్‌డ్రైవ్‌లూ తెప్పించి
మా ముందరే ఆ ఫైలు చెరిపేసినాడు.
ఊరికే చెరపడం కాదు,
దాని మీద సున్నాలు పోసి, మళ్లీ పోసి, మూడుసార్లు,
మా వాళ్లు గుంత కాడ నిలబడి
తలా మూడు పిడికిళ్ల మన్ను వేసినట్ల.

పదికి తొమ్మిది వచ్చినాయి.