సోమవారం కాగితం

ఎర్రగుంట్లకు ఇవతల, మార్కెట్ యార్డు గోడ వెనక
నూట పన్నెండు అడుగుల బోరు ఒకటుంది.
దాన్ని ఎవరూ తోడరు.
మోటారు లేదు, బిందె లేదు,
ఇనుప మూత, మూతకు తాళం,
తాళంచెవి నా మొలతాడుకు.

లోపల నీళ్ళ మీద ఒక బుడ్డి తేలుతుంటుంది.
బుడ్డికి తీగ, తీగకు పెన్ను,
పెన్ను కింద వారానికొక చుట్టు తిరిగే డ్రమ్ము.
నీళ్ళు దిగితే గీత దిగుతుంది.
పదకొండేళ్ళుగా నేను చూసింది
దిగే గీతనే.

సోమవారం పొద్దున్నే కాగితం మార్చడం నా పని.
ఆ సోమవారం మూత తీసేసరికి
పెన్ను ఊగుతోంది,
పైకీ కిందికీ, ఉన్నచోటే,
నాలుగు వేళ్ళ పొడుగు సిరా మరక.

పైన ఆకు కదల్లేదు.
ఉల్లిగడ్డ మూటల మీద కుక్క నిద్ర లేవలేదు.
గనిలో తూటా పేలితే మా పళ్ళేలు గలగలమంటాయే,
అదీ లేదు. తూటాలకింకా ఎనిమిది గంటల టైముంది.
గొట్టానికి చెవి పెట్టాను.
అడుగున బుడుక్, బుడుక్.
కరువు నీళ్ళు, నెర్రెల్లో ఇరుక్కున్న నీళ్ళు
ఎవరో పిలిస్తే ఊ కొడుతున్నట్టు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే నాగసుబ్బన్న సారు
ఆవలింత మధ్యలో చెప్పాడు:
"అండమాన్ అవతల సముద్రం అడుగు కదిలిందంట, దస్తగిరీ.
చాలా పెద్దది. టీవీలో వస్తాంది.
రాతిలో నడిచి మన బోరుకు తొమ్మిది నిమిషాల్లో వచ్చింది.
నీళ్ళలో నడిచే అలకు ఇంకా రెండున్నర గంటలు."

రెండున్నర గంటలు.
నా తమ్ముడు పీరా
సిమెంటు లోడుతో కృష్ణపట్నం రేవు బయట ఉన్నాడు,
వాడి ముందర ముప్ఫై లారీలు.

ఎత్తడు. మళ్ళీ కొట్టాను. ఎత్తడు.
లారీ కింద పడుకునే అలవాటు, ఫోను క్యాబిన్‌లో.

సముద్రమంటే మాకేం తెలుసు?
రాళ్ళుప్పు చాటలో పోసి
అమ్మ ఏరి పారేసే ఇసుక, అంతే.
మా ఇంటి నాపబండల మీద మాత్రం
నీళ్ళు వెనక్కి పోతూ వదిలినట్టు మడతలుంటాయి.
కోట్ల ఏళ్ళనాటి అల అన్నాడొక సర్వే సారు.
రమీజా వాటి మీదే పిల్లోడికి నీళ్ళు పోస్తుంది.
బురద మడతల్లో నిలిచిపోతుందని తిట్టుకుంటుంది.

పదిహేడో సారికి ఎత్తాడు.
"ఏందన్నా పొద్దున్నే?"
"లారీ వదిలేసి ఎత్తుకు పోరా."
"వరుస పోతాది."
"పోనీ."
"ఎవరు చెప్పినారు?"
"బోరు."
"నీళ్ళు లేని ఆ బోరా?" అని నవ్వాడు.
నవ్వి, ఎందుకో, పోయాడు.

నేను మూత దగ్గరే కూర్చున్నా.
తొమ్మిదిన్నరకు పెన్ను ఇంకోసారి ఉలిక్కిపడింది,
పదికి ఇంకోసారి, చిన్నగా.
చావు జరిగిన ఇంటికి
చుట్టాలు ఒకరి వెనక ఒకరు దిగినట్టు.

రేవులో పడవల కింద బురద బయటపడిందట.
తర్వాత నీళ్ళు తిరిగొచ్చి
మూడు మెట్లు ఎక్కి, దిగిపోయాయట.
మధ్యాహ్నానికి హెచ్చరిక తీసేశారు.
రెండింటికి మా గని తూటాలు పేలాయి, రోజూలాగే.

దూరాన ఒక దీవి పేరు టీవీలో చెప్పారు,
నాకు నోరు తిరగలేదు.
అక్కడ కూడా ఎవరో
పదిహేడో సారి కొట్టే ఉంటారు.

బుధవారం పీరా వచ్చాడు, కోపంగా.
వరుసలో యాభై రెండోవాడయ్యాడు.
పంపేముందు కాగితం చూపించాను.
మరక మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.
"ఇంతేనా?" అన్నాడు.

తర్వాతి సోమవారం కొత్త కాగితం చుట్టబోతూ
పాతది విప్పాను.
గీత గోరంత దిగింది.
గురువారం అర్ధరాత్రి దగ్గర ఒక చిన్న పన్ను.
ఆ రోజు లోకంలో ఎవరికీ ఏమీ కాలేదు.

పీరాకు మళ్ళీ రేవు లోడు పడింది.
నేను పన్ను సంగతి చెప్పలేదు.
ఫోను జేబులో పెట్టుకుని పడుకోరా, అన్నాను.