సరిపోలలేదు

నాకన్న ముందు పుట్టినోళ్ళు ముగ్గురు
పేరు పెట్టకముందే పోయిన్రు.
నాలుగోది నేను.
మా అమ్మ నన్ను తీస్కపోయి
పెంటకుప్ప మీద పొర్లిచ్చి
పెంటయ్య అని పిలిచింది,
యముడు వచ్చినా గుర్తువట్టకుంట.

మంచిగనే పనిజేసింది ఆ పేరు.
డెబ్బయ్యొకటి నిండినయి,
ఇంకా ఎవ్వలూ గుర్తువడ్తలేరు.

శాలిబండ మీసేవల
గోరంత అద్దం మీద బొటనవేలు పెడ్త.
ఎర్ర లైటు.
"సరిపోలలేదు" అంటది మిషిను.
ఆడమనిషి గొంతు. కోపం లేదు, జాలి లేదు.
చూపుడువేలు. సరిపోలలేదు.
ఎడమచెయ్యి బొటనవేలు. సరిపోలలేదు.
కౌంటర్ల పోరడు ప్రణీత్ మంచోడే:
"తాతా, నిమ్మకాయతోని రుద్దుకోని రా.
బతికున్నట్టు రుజువు కాకుంటే
పింఛన్ ఆగిపోతది."
"నీ ముందలనే నిలవడ్డ గదా బిడ్డా?"
"నాకు కనవడ్తున్నవ్ తాతా.
దానికే కనవడ్తలేవు."

నలభై రెండేండ్లు ఛత్తాబజార్ల
సీసం అక్షరాలు ఏరిన.
అన్నీ పెండ్లి పత్రికలే.
చిరంజీవులు, చి.ల.సౌ.లు,
గుడులు, సున్నలు, ఒత్తులు,
అన్నీ ఉల్టా, అద్దంల జూసినట్టు.
ఒక్కొక్క అక్షరం
నా వేలిమీది ఒక్కొక్క గీత పట్కపోయింది.
ఊరందరి పేర్లు పేర్చిన.
నా పేరు పేర్చలే,
పక్కన పెట్టెతందుకు ఇంకో పేరు దొర్కలే.

లైన్ల నా ముందట షాజాది బీ.
లాడ్‌బజార్ ఎనక గల్లీల
నిప్పుల మీద లక్క కరగవెట్టి
గాజులు తిప్పిన చేతులు.
వేళ్ళ కొసలు గోలీల లెక్క నున్నగున్నయి.
ఆమెకూ సరిపోలలే.
ఎనక్కి తిరిగి నన్ను జూసి నవ్వింది:
"క్యా మియా, నువ్వు గుడ మర్‌గయా?"

అప్పటిసంది ప్రతి మంగళారం
సచ్చిపోయినోళ్ళం ఇద్దరం
ఇరిగిన ప్లాస్టిక్ కుర్చీలల్ల
టోకెన్లు పట్టుకోని కూసుంటం.
ఒక్క నిమ్మకాయను రెండు చెక్కలు జేసి
చెరొకటి రుద్దుకుంటం.
నేను అచ్చేసిన ఏ పత్రికల గుడ
గీ ముహూర్తం లేదు.

ఏం మాట్లాడుకుంటం? ఏం లే.
ఆమెకు మోకాళ్ళ నొప్పులు, నాకు కండ్ల మసక.
ఇంట్ల ఏడుగురున్నరంట,
చాయ్ తాగినవా అని అడిగెటోళ్ళు లేరంట.
నేను అడుగుత.
తాగలే అంటది, తాగి వచ్చిన రోజు గుడ.
ఒక్కో కప్పు తాగినంక
ఆ గ్లాసులు లైటుకు పట్టి చూసుకుంటం.
ఏ గ్లాసు మీదా ఒక్క ముద్ర ఉండదు.
దొంగలమైతే ఎంత బాగుండు అని
కండ్లనీళ్ళు వచ్చేదాక నవ్వుతది.

తొమ్మిదో మంగళారం
ప్రణీత్ గాడు ఊకోలే.
"చిటికెన వేలు పెట్టు తాతా, ఒక్కసారి."
పెట్టిన.
పచ్చ లైటు.

ఏడడుగులు నడిచేటప్పుడు పట్టుకునే వేలు.
ఎవ్వలూ పట్టుకోలే.
అందుకే అరగలే.

"బతికినవ్ తాతా!" అన్నడు పోరడు.
లైన్లోళ్ళు చప్పట్లు కొట్టిన్రు.
కాయితం బయటికొచ్చింది, ఎచ్చగ,
కొత్తగ అచ్చయిన పత్రిక లెక్క.
ఏడాదిదాంక ఇగ రావల్సిన పని లేదంట.
షాజాది బీ "ముబారక్" అన్నది.
అని, చేతిలున్న నిమ్మచెక్కను
కుర్చీ మీద నా జాగల పెట్టింది.

రాత్రి మా గడపరాయి మీద నీళ్ళు చల్లి
చిటికెన వేలు అరగదీస్తున్న.
రాయి సల్లగుంది. వేలు మండుతుంది.
పైపోర్షన్ పోరి మెట్లు దిగుకుంట ఆగింది:
"ఏం నూరుతున్నవ్ తాతా, గంధమా?"

ఔ బిడ్డా.
మంగళారం లోపట కావాలె.